ద్రవములో మునిగిన యంత్రము – సేమూర్ క్రే జీవితము



కాగిన పాలు త్వరగా చల్లారవలసి వచ్చినప్పుడు మీ యింటిలో అమ్మగారు ఏమి చేయుదురో మీరు చూచియే యుందురు. విసనకర్ర పట్టుకొని విసరుచు కూర్చుండరు. పాలగిన్నెను చల్లని నీళ్లు పోసిన పళ్లెములో నుంచుదురు. గాలి చాలసేపటికి గాని చేయలేని పనిని నీరు కొద్ది నిమిషములలో చేసివేయును. వంటయింటిలోని యీ చిన్న యుపాయమునే ఆనాటి ప్రపంచములో మిక్కిలి వేగము గల కంప్యూటరునకు ప్రయోగించి, ఆ యంత్రమును నిలువునా ద్రవములో ముంచి పని చేయించిన ఇంజనీరు ఒకడు కలడు. ఆయన పేరు సేమూర్ క్రే.

నీళ్లు తగిలిన విద్యుద్యంత్రము చెడిపోవునని మనకందరకు తెలియును. మరి క్రే తన యంత్రమును దేనిలో ముంచెను? ఎందులకు ముంచవలసి వచ్చెను? ఈ ప్రశ్నలకు సమాధానము ఆయన జీవితమంతయు చదివిన గాని బోధపడదు. ఏలయన, ఆ యుపాయము ఒక్కనాడు తోచినది కాదు. అనేక సంవత్సరములు వేడిమితో చేసిన పోరాటమునకు అది ఫలము.

ఇంకొక మాట. మన షోలాపురములో పిల్లలను తెలుగు బడికి పంపు తల్లిదండ్రులు అప్పుడప్పుడు నన్నొక ప్రశ్న అడుగుచుందురు. రాజధాని కాని యూరిలో, చుట్టును వేరొక భాష వినబడు చోట, మగ్గముల చప్పుడు నడుమ చదువుకొనిన పిల్లవాడు లోకము మెచ్చు పని యేదైన చేయగలడా యని వారి సందేహము. దానికి ఒక్కమాటలో జవాబు చెప్పు శక్తి నాకు లేదు. కాని క్రే చరిత్రను చదివినప్పుడెల్ల నాకు ఆ ప్రశ్నయే జ్ఞాపకము వచ్చుచుండును.

నేలమాళిగలో ప్రయోగశాల

సేమూర్ క్రే 1925వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలోని విస్కాన్సిన్ రాష్ట్రమున చిప్పెవా ఫాల్స్ అను పట్టణములో జన్మించెను. అది చిప్పెవా నది యొడ్డున, కలప కోత మిల్లులతో పెరిగిన చిన్న యూరు. పెద్ద విశ్వవిద్యాలయము గాని, పేరుమోసిన కర్మాగారము గాని అచ్చట లేవు. తండ్రి సివిల్ ఇంజనీరు. కుమారునకు తీగలమీదను, యంత్రములమీదను గల మక్కువను చూచి, ఆయన ఇంటి నేలమాళిగను పిల్లవాని ప్రయోగములకు విడిచిపెట్టెను.

పిల్లలు ఆడుకొనుటకు చిల్లులుగల ఇనుప పట్టీలు, మరలు, చక్రములు పెట్టి అమ్ము బొమ్మపెట్టె యొకటి ఆ దేశములో నుండెడిది. పదియేండ్ల సేమూర్ ఆ ముక్కలతో ఒక పరికరమును కూర్చెను. కాగితపు పట్టీమీద పొడిచిన రంధ్రములను అది తంతివార్తల సంకేతములుగా మార్చెడిది. బాలుడు చేసిన ఆ పరికరములో, తరువాత ఆయన చేయబోవు పనియంతయు విత్తనములో వృక్షమువలె దాగియున్నదని చెప్పవచ్చును. తల్లిదండ్రులు ఇచ్చట గమనింపవలసినది ఒకటి కలదు. ఆ తండ్రి ఇచ్చినది గొప్ప ధనము కాదు. ఒక గది ఇచ్చెను. పిల్లవాడు విప్పి పారవేసినవానిని చూచి కోపగించుకొనక, ఓర్పు చూపెను.

1943లో క్రే తన యూరి హైస్కూలులో చదువు ముగించెను. అది రెండవ ప్రపంచ యుద్ధకాలము. సైన్యములో చేరి, రేడియో పనివాడుగా ఐరోపాలోను, తరువాత ఫిలిప్పీన్సు ద్వీపములలోను పనిచేసెను. జపానువారి రహస్య సంకేతములను ఛేదించు పనిలో కూడ నాయన పాల్గొనెను. యుద్ధము ముగిసిన పిమ్మట మిన్నెసోటా విశ్వవిద్యాలయములో విద్యుత్ ఇంజనీరింగు పట్టమును, 1951లో గణితశాస్త్రమున పై పట్టమును పొందెను. యంత్రము, గణితము రెండును ఒకే చేతిలో కలియుట ఆయనకు జీవితమంతయు బలమాయెను.

వేగము తెచ్చిన వేడిమి

1951లోనే క్రే సెయింట్ పాల్ నగరములో కంప్యూటర్లు నిర్మించు ఒక సంస్థలో చేరెను. ఆనాటి కంప్యూటర్లు గాజుగొట్టములతో పనిచేసెడివి. ఒక్కొక్క గొట్టము దీపమువలె వెలిగి వేడెక్కెడిది. 1957లో విలియం నోరిస్ మొదలగువారు కంట్రోల్ డేటా అను క్రొత్త సంస్థను స్థాపింపగా, క్రే కొలది కాలములోనే అందు చేరెను. గొట్టములకు బదులుగా చిన్నవైన ట్రాన్సిస్టర్లతో 1604 అను కంప్యూటరును నిర్మించెను. సంస్థకు ధనము చాలని రోజులగుటచే, దుకాణములో చౌకగా దొరకిన నాసిరకపు ట్రాన్సిస్టర్లను కొని, వాని లోపములను సైతము సహించునట్లు తన రచనను మలచుకొనెనని చెప్పుదురు.

క్రే కోరినది ఒక్కటే: వేగము. ఆ వేగమునకును వేడిమికిని గల సంబంధమును మనము తెలిసికొనవలెను. కంప్యూటరులో లెక్క జరుగుట యనగా విద్యుత్సంకేతము ఒక భాగమునుండి మరియొక భాగమునకు పరుగెత్తుట. ఆ సంకేతము కాంతివేగమును మించి పోజాలదు. సెకనును నూరుకోట్ల భాగములు చేసినచో, ఒక్క భాగములో కాంతి దాదాపు ఒక్క అడుగు దూరము మాత్రమే పోవును. తీగలో సంకేతము పోవు దూరము అంతకన్నను తక్కువ. కావున వేగము పెరుగవలెనన్న తీగలు పొట్టివి కావలెను. తీగలు పొట్టివి కావలెనన్న భాగములన్నియు దగ్గరదగ్గరగా ఇరికింపబడవలెను. ప్రతి భాగము కొంత వేడిమిని పుట్టించును. పదిమంది కూర్చుండదగిన గదిలో నూరుమందిని కూర్చుండబెట్టినచో గాలి యెట్లు చాలదో, ఇరుకున పెట్టిన ఆ భాగములకును గాలి చాలదు. వేడెక్కిన భాగములు మొదట తప్పులు చేయును, తరువాత చెడిపోవును. కంప్యూటరు వేగమును ఎంతవరకు పెంపవచ్చునన్న ప్రశ్న తుదకు దాని వేడిమిని ఎంత త్వరగా తీసివేయగలమన్న ప్రశ్నగా మారును. ఈ సత్యమును క్రే పూర్తిగా గుర్తించి, చల్లార్చు విధానమును యంత్రరచనలో మొదటి అంగముగా చేసికొనెను.

ముప్పది నలుగురి పని

పెద్ద సంస్థలో సమావేశములు, ఉత్తరప్రత్యుత్తరములు, సందర్శకులు ఎక్కువ. క్రే మితభాషి. ఏకాంతమును కోరువాడు. తనను స్వగ్రామమునకు పోయి పనిచేసికొననిమ్మని సంస్థను ఒప్పించి, 1962లో చిప్పెవా ఫాల్స్‌లో చిన్న ప్రయోగశాలను ఏర్పరచుకొనెను. సాధారణముగా ప్రతిభ గలవారు పల్లెనుండి పట్టణమునకు పోవుదురు. ఈయన పట్టణమునుండి తన యూరికి మరలివచ్చెను.

అచ్చట తయారై 1964లో వెలువడిన 6600 అను యంత్రము సెకనుకు దాదాపు 30 లక్షల ఆజ్ఞలను నిర్వహించెడిది. దానికి ముందున్న ఏ యంత్రమును దానికి సాటి రాలేదు. దానినే మొదటి సూపర్ కంప్యూటరుగా పలువురు లెక్కింతురు. అందులో దాదాపు 4 లక్షల ట్రాన్సిస్టర్లు కిక్కిరిసియుండెను. ఫ్యానుల గాలి వానికి చాలదు. కావున రిఫ్రిజిరేటర్లలో వాడు ఫ్రియాన్ అను శీతలపదార్థమును గొట్టముల ద్వారా యంత్రములోనికి పంపిరి. ఈ చల్లార్చు ఏర్పాటును నిర్మించిన ఇంజనీరు డీన్ రౌష్. తరువాతి యంత్రములలోను ఆయన క్రేకు కుడిభుజముగా నిలిచెను.

ఆ కాలమున కంప్యూటర్ల వ్యాపారములో ఐబీఎం సంస్థ మహాసామ్రాజ్యము వంటిది. కాపలాదారుతో కలిపి 34 మంది మాత్రమే గల చిన్న బృందము తమను మించిపోవుట ఎట్లు జరిగినదని దాని అధ్యక్షుడు 1963లో తన ఉద్యోగులకు నిష్ఠురముగా లేఖ వ్రాసెను. బృందము చిన్నదగుటయే ఆ విజయమునకు కారణమని క్రే అభిప్రాయము.

విడిచిపెట్టుట, మరల మొదలిడుట

1969లో 7600 అను యంత్రము వచ్చెను. దాని తరువాత క్రే 8600 అను యంత్రమును తలపెట్టెను. ఒకే పెట్టెలో నాలుగు యంత్రముల శక్తిని ఇముడ్చవలెనని సంకల్పము. కాని వేడిమి మితిమీరెను. లక్షలాది అతుకులలో ఏదో ఒకటి ఊడి యంత్రము ఆగిపోవుచుండెను. ఏండ్ల శ్రమ పోయినను అది సరిపడలేదు. మొత్తము రచనను మరల మొదటినుండి చేయవలెనని క్రే కోరగా, సంస్థయొద్ద అంత ధనము లేకపోయెను. 1972లో ఆయన కంట్రోల్ డేటాను విడిచి, క్రే రీసెర్చి అను స్వంత సంస్థను నెలకొల్పెను. ఇచ్చట మెచ్చుకొనదగిన విషయమేమన, పాత సంస్థాధిపతి నోరిస్ ఆగ్రహింపక, ఆ క్రొత్త సంస్థలో తానును కొంత మూలధనము పెట్టెను.

1976లో క్రే-1 అను యంత్రము సిద్ధమయ్యెను. పైనుండి చూచినచో అది ఇంగ్లీషు అక్షరమైన సి ఆకారములో నుండును. అందమునకు అట్లు వంచినది కాదు. వంచిన గోడకు లోపలివైపున తీగలు దగ్గరగును. ఏ తీగయు నాలుగడుగులకు మించకుండునట్లు క్రే ఏర్పాటు చేసెను. యంత్రపు పాదము చుట్టు విద్యుత్తును సరఫరా చేయు పెట్టెలపై మెత్తని తోలు బల్లను అమర్చిరి. చూడవచ్చినవారు దానిమీద కూర్చుండవచ్చును. అది సెకనుకు 16 కోట్ల లెక్కలవరకు చేయగలిగెడిది. శీతల పరికరములతో కలిపి దాని బరువు అయిదున్నర టన్నులు. 115 కిలోవాట్ల విద్యుత్తును త్రాగెడిది. అనగా రెండు కిలోవాట్ల విద్యుత్పొయ్యిలు దాదాపు అరువది ఒక్కసారిగా వెలిగినంత వేడిమి ఒక చిన్న బీరువాలో పుట్టుచుండెనన్నమాట.

ఆ వేడిమిని తీసివేయుటకు ఒక్కొక్క సర్క్యూట్ పలకకు వెనుక రాగిరేకు నుంచిరి. వేడిమి రాగిరేకు ద్వారా అంచునకు వచ్చును. అంచున ఫ్రియాన్ గొట్టములు దానిని లాగుకొనును. వినుటకు సులభమే. కాని తొలిదినములలో గొట్టముల సన్నని సందులనుండి శీతలపదార్థముతోపాటు కందెన నూనె కూడ కారి పలకలను పాడుచేయసాగెను. గొట్టములను అతుకు క్రొత్త పద్ధతులను కనుగొన్న తరువాత గాని ఆ చిక్కు తీరలేదు. కావలసినచోట చేరిన ద్రవము యంత్రమును కాపాడును, కాని కారకూడనిచోట కారినచో చంపును. ఈ పాఠమును క్రే మరువలేదు.

మొదటి క్రే-1 యంత్రము లాస్ అలమోస్ జాతీయ ప్రయోగశాలకు పోయెను. అణ్వాయుధముల లెక్కలకు పేరుపడిన స్థలమది. రెండవ వైపు, వాతావరణ పరిశోధన కేంద్రమొకటి 88 లక్షల డాలర్లకు పైగా చెల్లించి క్రే-1ను కొని, గాలివానల లెక్కలకు వినియోగించెను. ఒకే యంత్రము వినాశమునకును, రక్షణకును తోడ్పడుట మనము ఆలోచింపవలసిన విషయమే. క్రే ఆ ప్రశ్నలో తలదూర్చలేదు. యంత్రమును నిర్మించుటయే తన పనియని తలచెను. ఆయన గొప్పతనమును చెప్పునప్పుడు దీనిని దాచుట న్యాయము కాదు.

ద్రవములో మునుగుట

క్రే-1 విజయవంతమైన తరువాత, మరియొకడైనచో దానినే కొంచెము సవరించి అమ్ముకొనుచు సుఖముగా నుండెడివాడు. క్రే అట్లు చేయలేదు. సంస్థాధిపత్యమును ఇతరులకు వదలి, క్రొత్త యంత్రమును వట్టి కాగితముతోను, పెన్సిలుతోను మొదలిడెను. తీగలను ఇంకను పొట్టివి చేయుటకు ఆయన ఒక ఉపాయము పన్నెను. పలకలను ప్రక్కప్రక్కన నిలుపక, ఎనిమిది పలకలను ఒకదానిపై నొకటి పేర్చి, వానిమధ్య నిలువుగా కూడ తీగలు పోవునట్లు ఒక కట్టగా చేసెను. ఆ కట్ట పొడవు ఎనిమిది అంగుళములు, వెడల్పు నాలుగంగుళములు, మందము ఒక్క అంగుళము. దాదాపు మన పాఠ్యపుస్తకమంత. ఆ పుస్తకమంతటి కట్ట ఒక్కొక్కటి వందల వాట్ల వేడిమిని పుట్టించెడిది.

పాత యుపాయము ఇచ్చట చెల్లలేదు. పలకల నడుమ రాగిరేకు దూర్చుటకు చోటు లేదు. గొట్టములు పోవుటకు దారి లేదు. గాలి ఊదినను ఆ యిరుకులోనికి చొరదు. రచనలు ఒకదాని తరువాత నొకటి చేసి చూచి పారవేయబడెను. తుదకు క్రే మొత్తము యంత్రమును ద్రవములో ముంచుటకు నిశ్చయించెను. గాలి పోలేని సందులోనికి ద్రవము తనంత తానే పోవును. వేడెక్కిన ప్రతి భాగమును నేరుగా తాకును.

ఇక ఏ ద్రవములో ముంచవలెను? మన కుళాయినీటిలో లవణములు కరగియుండుటచే అది విద్యుత్తును ప్రసరింపజేయును. తీగనుండి తీగకు విద్యుత్తు దారితప్పి పోయి యంత్రము నశించును. కావలసినది విద్యుద్బంధకమైన ద్రవము. అట్టివి లేకపోలేదు. మన వీధి చివర కంబముపైనున్న ట్రాన్స్‌ఫార్మరును చూడుడు. అందులోని తీగచుట్టలు ఖనిజ తైలములో మునిగియున్నవి. ఆ తైలము విద్యుత్తును ఆపును, వేడిమిని మోసికొనిపోవును. క్రే ఎన్నుకొనినది తైలము కాదు. త్రీ ఎమ్ అను సంస్థ తయారుచేసిన ఫ్లోరినెర్ట్ అను ద్రవము. ఫ్లోరిన్, కార్బన్ కలిసిన ఆ ద్రవమునకు రంగు లేదు, వాసన లేదు. నిప్పంటుకొనదు. నీటికన్న దాదాపు ఒకటి ముప్పాతిక రెట్లు బరువు. యంత్రభాగములతో ఏ రసాయన సంబంధమును పెట్టుకొనదు. ఇట్టి ద్రవములలో ప్రాణవాయువు చక్కగా కరగును. 1966లో శాస్త్రజ్ఞులు ఈ జాతి ద్రవమొకదానిలో ఎలుకలను ముంచగా, అవి మునిగియే ఊపిరి పీల్చి కొంతకాలము జీవించెను. ప్రాణికి సైతము అంత మెత్తగా నున్న ద్రవము యంత్రమునకు హాని చేయదుగదా!

ఇట్లు 1985లో క్రే-2 వెలువడెను. పదునాలుగు చిన్న స్తంభములు వలయముగా నిలిచియుండును. ఎత్తు నాలుగడుగులకు లోపు. అంత చిన్న యంత్రము సెకనుకు 190 కోట్ల లెక్కలవరకు చేయగలిగెను. నాలుగు ప్రాసెసర్లు, అవి వాడు జ్ఞాపకభాగము అన్నియు ద్రవములో మునిగియుండెను. ద్రవము పలకల మధ్య నెమ్మదిగా ప్రవహించి వేడిమిని గ్రహించి, వెలుపల చన్నీటి గొట్టముల ప్రక్కగా పోయి చల్లబడి, మరల యంత్రములోనికి వచ్చెడిది. యంత్రము ప్రక్కన పారదర్శకమైన తొట్టిలో ఆ ద్రవము జలపాతమువలె దిగుచు కనబడెడిది. అందులోనుండి బుడగలు లేచుటచే క్రే-2కు బుడగలు అను ముద్దుపేరు వచ్చెను. పలక చెడినప్పుడు ద్రవమును తొట్టిలోనికి దింపి, మరమ్మతు చేసి, మరల నింపెడివారు.

క్రే స్వభావము

ఇంత కీర్తి వచ్చినను క్రే సభలకు, పత్రికలవారికి దూరముగానే యుండెను. రాత్రి భోజనానంతరము ప్రయోగశాలకు పోయి ఒంటరిగా పనిచేసికొనుట ఆయనకు ప్రియము. తన యింటి క్రింద పారతో సొరంగము త్రవ్వుట ఆయనకొక వినోదము. ఏదైన చిక్కు విడనప్పుడు సొరంగములో కొంతసేపు త్రవ్వివచ్చినచో పరిష్కారము తోచునని నమ్మెను. ఏటేట చిన్న పడవ నొకటి స్వయముగా నిర్మించి, ఆ ఋతువు గడచిన తరువాత దానిని కాల్చివేసెడివాడని కూడ ఆయనను గూర్చి చెప్పుకొందురు. పాత పడవ ఎదుట నున్నచో క్రొత్త పడవను స్వేచ్ఛగా ఊహింపజాలమని ఆయన భావమట. కథయైనను కావచ్చును గాని, ఆయన యంత్రములను చూచినచో ఆ కథ నిజమే యనిపించును.

ఆపిల్ సంస్థవారు తమ చిన్న ఇంటి కంప్యూటర్ల రచనకు ఒక క్రే యంత్రమును కొనినప్పుడు, తాను తన తరువాతి పెద్ద యంత్రపు రచనకు ఆపిల్‌వారి చిన్న కంప్యూటరును వాడుచున్నానని క్రే చమత్కరించెనట. పెద్దది చిన్నదానికి, చిన్నది పెద్దదానికి సాయపడుట లోకరీతి గదా!

అపజయము, తుది ప్రయత్నము

మహనీయుల చరిత్రలలో అపజయములను దాచిపెట్టుట మన అలవాటు. క్రే విషయములో అట్లు చేయనక్కరలేదు. క్రే-3 యంత్రమునకు సిలికానుకు బదులుగా గేలియం ఆర్సెనైడ్ అను పదార్థమును వాడదలచెను. దానితో పనిచేయుట మిక్కిలి కష్టము. 1989లో ఆయన కొలరాడో స్ప్రింగ్స్ నగరములో మరియొక సంస్థను స్థాపించెను. క్రే-3 యంత్రమొకటి 1993లో వాతావరణ పరిశోధన కేంద్రమునకు చేరెను గాని, కొనువారు దొరకలేదు. 1995లో ఆ సంస్థ దివాలా తీసెను.

అంతకుమించిన దెబ్బ మరియొకటి కలదు. బలమైన కొలది ప్రాసెసర్లే మేలని, బలహీనమైనవి వేలకొలది కలిపినను ప్రయోజనము లేదని క్రే చిరకాలము నమ్మెను. లోకము రెండవ దారినే పట్టెను. ఆ దారిలో మన దేశమునకును భాగము కలదు. భారతదేశము వాతావరణ సూచనకై క్రే సంస్థవారి ఎక్స్-ఎంపి జాతి యంత్రమును కొనదలచినప్పుడు, అమెరికా ప్రభుత్వము అనేక నిబంధనలు పెట్టి, కోరినదానికన్న చిన్నదానిని మాత్రమే ఇచ్చెను. ఆ యంత్రము ఢిల్లీలోని వాతావరణ కేంద్రములో పనిచేసెను. ఒకరి దయమీద ఆధారపడరాదని తలచి, 1988లో మన షోలాపురమునకు దూరము కాని పూనా నగరములో సీడాక్ అను సంస్థ స్థాపింపబడెను. 1991లో ఆ సంస్థ అనేకములైన చిన్న ప్రాసెసర్లను కలిపి పరమ్ 8000 అను సూపర్ కంప్యూటరును నిర్మించెను.

క్రే ఏమి చేసెను? తన జీవితకాలపు నమ్మకమును తానే సవరించుకొనెను. 70 ఏండ్ల వయస్సున, 1996లో, సాధారణ ప్రాసెసర్లనే అనేకముగా కలుపు యంత్రమునకై మరల ఒక క్రొత్త సంస్థను ప్రారంభించెను. కాని విధి అనుకూలింపలేదు. ఆ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన కొలరాడో స్ప్రింగ్స్‌లో రహదారిపై ఆయన కారు ప్రమాదమునకు గురియయ్యెను. తీవ్రగాయములతో అక్టోబరు 5వ తేదీన మరణించెను. అప్పటికి ఆయన వయస్సు 71 సంవత్సరములు.

నేటి సంగతి

క్రే-2 నేడు వస్తుప్రదర్శనశాలలలో చూడదగినది. మన చేతిలోని సెల్‌ఫోను లెక్కల వేగములో దానిని మించిపోయినది. ట్రాన్సిస్టర్లు మిక్కిలి చిన్నవై, కొలది విద్యుత్తుతోనే పనిచేయుటచే ఫోనును ద్రవములో ముంచనక్కర లేకపోయెను. కాని వేడిమి మరల తలయెత్తినది. వేలకొలది కంప్యూటర్లను ఒకేచోట నడపు పెద్ద కేంద్రములలో, నేడు కొన్నిటియందు యంత్రములను విద్యుద్బంధక ద్రవములో ముంచియే నడపుచున్నారు.

ఇంటి కంప్యూటరును చేపలు పెంచు గాజుతొట్టివంటి దానిలో ఖనిజ తైలము పోసి ముంచి నడపిన ఉత్సాహవంతులు కూడ కలరు. అట్లు చేయుట సాధ్యమే గాని కష్టములు లేకపోలేదు. గుండ్రని పలక తిరుగు పాత హార్డ్ డిస్కుకు గాలి రంధ్రముండును కావున, దానిని తైలములో ముంచరాదు. తైలము తీగలవెంట ప్రాకి వెలుపలికి వచ్చును. రబ్బరు, ప్లాస్టిక్ భాగములు కొన్ని కాలక్రమమున చెడును. చెడిన భాగమును మార్చవలెనన్న చేతులు, బల్ల, నేల అన్నియు జిడ్డగును. తైలము వేడిమిని కంప్యూటరునుండి తీసికొనును గాని, దానిని మాయము చేయదు. ఆ తైలమును చల్లార్చు ఏర్పాటు లేనిచో గంటలు గడచిన కొలది తొట్టియంతయు వేడెక్కును. ఇంటిలో పెద్దలు, తెలిసినవారు లేక పిల్లలెవ్వరును విద్యుత్పరికరములను ఏ ద్రవములోను ముంచి చూడరాదని ఉపాధ్యాయునిగా హెచ్చరించుచున్నాను.

ఫ్లోరినెర్ట్ కథకును ఒక ముగింపు కలదు. దేనితోను కలియని గుణమే దానికి గొప్ప. ఆ గుణమే దానికి దోషమును ఆయెను. గాలిలో కలిసిన ఇట్టి పదార్థములు ఎంతకాలమునకును నశింపక నిలుచును. ప్రకృతిలో విరుగని ఫ్లోరిన్ రసాయనముల తయారీని 2025 చివరికి మానివేయుదుమని త్రీ ఎమ్ సంస్థ 2022లో ప్రకటించెను. ఒక తరము కనుగొనిన పరిష్కారమే తరువాతి తరమునకు సమస్య యగుచున్నది. ఆ సమస్యను విడదీయవలసినవారు ఇప్పుడు బల్లలపై కూర్చుండి చదువుకొనుచున్న మీ వయస్సువారే.

తల్లిదండ్రుల ప్రశ్నకు మరల వత్తును. క్రే మాతృభాష అతని దేశమంతట చెల్లుబడి యయ్యెడిది. మన పిల్లల దారి అంతకన్న కఠినమైనది. రెండు మూడు భాషలు నేర్చి నడువవలసిన దారి. ఆ తేడాను నేను మరుగుపరచను. కాని ఊరు చిన్నదగుట అడ్డు కాదని మాత్రము ఆయన జీవితము నిస్సందేహముగా చూపుచున్నది. ఆయనకు కావలసి వచ్చినవి ఒక గది, కాగితము, పెన్సిలు, కొందరు నమ్మకమైన తోడివారు. వీనికన్నను ముఖ్యమైనది మరొకటి కలదు. తాను చేసినది తప్పినప్పుడు, ఎన్నియేండ్ల శ్రమయైనను ప్రక్కకు నెట్టి, మొదటినుండి మరల మొదలిడు ధైర్యము.

ఈ సాయంకాలము పాలగిన్నె నీళ్లలో చల్లారుచుండగా ఒకసారి పళ్లెములో వ్రేలు పెట్టి చూడుడు. నీళ్లు గోరువెచ్చనై యుండును. పాలలోని వేడిమి ఎక్కడికి పోయినదో మీకు తెలియును. ఆ వెచ్చదనమును లెక్కలోనికి తీసికొనినవాడే సేమూర్ క్రే.